చక్రం తిరిగినంతసేపూ ఆశే.. ఆగాక మిగిలేది లెక్కే!

* సెల్‌ఫోన్ తెరపైకి చేరిన ఐరోపా ‘రౌలెట్’
* ముప్పై ఏడు అరల చక్రం వెనుక గణితమిదీ..
* తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ నిషేధం

సంక్రాంతి బరుల పక్కన గుండాట బల్ల చుట్టూ మూగే జనం కోస్తా జిల్లాల వారికి కొత్త కాదు. గడుల్లో సొమ్ము పెట్టడం, ఫలితం తేలడం, ఒకరిద్దరు గెలిచి కేరింతలు కొట్టడం, మిగిలినదంతా నిర్వాహకుడి సంచిలోకి చేరడం.. ఆ ఆట తీరిది. ఇదే తీరులో సాగే ఒక ఆటను ఐరోపావాసులు రెండు శతాబ్దాలకు పైగా చక్రంపై ఆడుతున్నారు. దాని పేరు రౌలెట్. ఫ్రెంచి భాషలో ఈ మాటకు ‘చిన్న చక్రం’ అని అర్థం. ఒకప్పుడు రాజవంశీకులు, సంపన్నులు మాత్రమే అడుగుపెట్టే కేసినోలకు పరిమితమైన ఈ చక్రం అంతర్జాలం పుణ్యమా అని సామాన్యుడి సెల్‌ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది. గుండాటకు పండగ మూడు రోజులే గడువు. దీనికి పగలూ రాత్రీ తేడా లేదు. పోలీసులు వస్తారన్న జంకూ లేదు. ఇంట్లో పక్కనే కూర్చున్న వారికి సైతం ఆనవాలు దొరకదు.

అసలు ఈ ఆట ఎలా సాగుతుంది? గెలుపోటములను నిర్ణయించేది ఎవరు? నిర్వాహకుడు మోసం చేయకపోయినా ఆటగాడి సొమ్ము ఎందుకు కరిగిపోతుంది? చట్టం ఏమంటోంది? తెలుసుకుందాం.

ఏమిటీ ఆట?

ఐరోపా రౌలెట్ చక్రంలో మొత్తం 37 అరలు ఉంటాయి. 1 నుంచి 36 వరకు అంకెలున్న అరల్లో సగం ఎరుపు, సగం నలుపు. మిగిలిన ఒక్క అర సున్నాది. దాని రంగు ఆకుపచ్చ. చక్రాన్ని ఒక దిశలో తిప్పి, చిన్న తెల్లని గోళీని దానికి ఎదురు దిశలో వదులుతారు. వేగం తగ్గాక గోళీ జారి ఏదో ఒక అరలో పడుతుంది. ఆ అంకె, ఆ రంగు గెలిచినట్లు.

చక్రం పక్కన గళ్లు గీసిన బల్ల ఉంటుంది. గోళీ ఆగకముందే ఆటగాళ్లు తమకు నచ్చిన గళ్లపై పందెం బిళ్లలు పెట్టాలి. ఒకే అంకెపై పెట్టవచ్చు. రెండు, మూడు, నాలుగు, ఆరు అంకెలను కలిపి పెట్టవచ్చు. పన్నెండు అంకెల సముదాయంపైనా పెట్టవచ్చు. అంకెల గొడవ లేకుండా ఎరుపా నలుపా, సరి సంఖ్యా బేసి సంఖ్యా, 18 లోపా ఆపైనా అన్న వాటిపైనా కాయవచ్చు.

చెల్లింపులు ఇలా ఉంటాయి. వంద రూపాయల పందెం గెలిస్తే పెట్టిన వందతో పాటు అదనంగా వచ్చే మొత్తమిది.

* ఒక్క అంకెపై: రూ.3,500
* రెండు అంకెలపై: రూ.1,700
* మూడు అంకెలపై: రూ.1,100
* నాలుగు అంకెలపై: రూ.800
* ఆరు అంకెలపై: రూ.500
* పన్నెండు అంకెలపై: రూ.200
* ఎరుపు-నలుపు, సరి-బేసి వంటి వాటిపై: రూ.100

పైకి చూస్తే ఇంతకన్నా న్యాయమైన ఆట మరొకటి లేదనిపిస్తుంది. పత్తాలు దాచే వీలు లేదు. ఎదుటి ఆటగాడితో పోటీ లేదు. నియమాలు పిల్లవాడికైనా అర్థమవుతాయి. ఆ సులువే దీని ఆకర్షణ.

ఎక్కడి నుంచి ఎక్కడికి..

ప్రఖ్యాత ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ పదిహేడో శతాబ్దంలో నిరంతరం తిరిగే యంత్రం కోసం చేసిన ప్రయోగాల్లో ఈ చక్రం పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దాని మాటెలా ఉన్నా, పద్దెనిమిదో శతాబ్దం చివరినాటికి పారిస్ నగరంలో రౌలెట్ విరివిగా ఆడేవారు. అప్పట్లో చక్రంలో రెండు సున్నాలు ఉండేవి. ఫ్రాన్స్‌లో 1837 ముగిసేసరికి జూదగృహాలు మూతపడ్డాయి. దాంతో ఫ్రాంస్వా, లూయీ బ్లాంక్ అనే సోదరులు జర్మనీ నేలపై ఉన్న హోంబర్గ్‌కు చేరారు. పోటీ నిర్వాహకుల కంటే ఎక్కువ మందిని ఆకర్షించేందుకు 1843లో ఒకే సున్నా ఉన్న చక్రాన్ని ప్రవేశపెట్టారు. అదే నేటి ‘ఐరోపా రౌలెట్’. అమెరికాలో మాత్రం రెండు సున్నాల చక్రమే స్థిరపడింది.

ఫ్రాంస్వా బ్లాంక్ 1863లో మొనాకో సంస్థానంలోని కేసినో నిర్వహణ చేపట్టారు. మాంటే కార్లో పేరు ప్రపంచమంతా మార్మోగింది ఆ తర్వాతే. జూదపు రాబడితో వెలిగిన ఆ చిన్న దేశం తన సొంత పౌరులను మాత్రం అక్కడి జూదపు గదుల్లోకి అనుమతించదు. ఆట పరాయివారి కోసం, ఆదాయం తమ కోసం అన్నది అక్కడి పాలకులు మొదట్లోనే గ్రహించిన సూత్రం. రౌలెట్ స్వభావాన్ని చెప్పడానికి ఈ ఒక్క నిబంధన చాలు.

ఆ ‘సున్నా’లోనే ఉంది కిటుకు

సున్నా అంటే ఏమీ లేదని అర్థం. రౌలెట్‌లో మాత్రం నిర్వాహకుడి లాభమంతా ఆ సున్నాలోనే ఉంది. అదెలాగో చూద్దాం.

ఒక వ్యక్తి సున్నాతో సహా 37 అంకెలపైనా తలా వంద రూపాయలు పెట్టాడనుకుందాం. మొత్తం పెట్టుబడి రూ.3,700. ఏ అంకె వచ్చినా అతను గెలిచినట్లే. గెలిచిన అంకెకు రూ.3,500, దానిపై పెట్టిన వంద కలిపి చేతికి రూ.3,600 వస్తాయి. అన్ని అంకెలూ తనవే అయినా వంద రూపాయలు పోయాయి. 37 అరలున్న చక్రంపై న్యాయంగా 36 రెట్లు చెల్లించాల్సిన చోట 35 రెట్లు మాత్రమే చెల్లించడం ఇందుకు కారణం.

ఎరుపు-నలుపు పందేల్లోనూ ఇదే తంతు. ఎరుపుపై కాస్తే గెలిపించే అరలు 18, ఓడించే అరలు నలుపు 18, సున్నా 1 కలిపి 19. గెలుపు అవకాశం సగం కాదు, 48.65 శాతం. ఏ పందెం కాసినా నిర్వాహకుడి వాటా మారదు. ప్రతి వంద రూపాయల పందెంలోనూ సగటున 2 రూపాయల 70 పైసలు అతనివి. అమెరికా చక్రంలో 38 అరలు ఉండి చెల్లింపులు మారకపోవడంతో ఆ వాటా 5.26 శాతానికి పెరుగుతుంది. కొన్ని ఫ్రెంచి బల్లలపై సున్నా పడినప్పుడు ఎరుపు-నలుపు తరహా పందేల్లో సగం సొమ్ము తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడ ఆ పందేలపై వాటా 1.35 శాతానికి తగ్గుతుంది. తగ్గడమే తప్ప మాయం కాదు.

‘లైట్నింగ్ రౌలెట్’ వంటి కొత్త రకాల్లో మరో ఎర ఉంది. కొన్ని అంకెలకు 50 రెట్ల నుంచి 500 రెట్ల వరకు చెల్లిస్తామని తెరపై మెరుపులు మెరిపిస్తారు. అదే సమయంలో ఆ మెరుపు పడని అంకె గెలిస్తే 35 రెట్లకు బదులు 29 రెట్లే ఇస్తారు. పెద్ద బహుమతికి సొమ్ము మిగతా గెలుపుల నుంచి కోసినదే. ఆటగాడి కంటికి మెరుపు కనిపిస్తుంది గానీ కోత కనిపించదు.

తెరపై తిరిగేది చక్రం కాదు

ఆన్‌లైన్ రౌలెట్ ప్రధానంగా రెండు విధాలు. మొదటిది పూర్తిగా సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. ఇందులో చక్రమూ లేదు, గోళీ లేదు. మీట నొక్కగానే కంప్యూటర్ ప్రోగ్రాం 0 నుంచి 36 వరకు గల అంకెల్లో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. దీన్ని ‘ర్యాండం నంబర్ జనరేటర్’ అంటారు. ఫలితం క్షణంలో తేలిపోతుంది. ఆ తర్వాత తెరపై చక్రం తిరగడం, గోళీ ఎగిరి పడటం, చివరి నిమిషంలో పక్క అరలోకి జారడం.. ఇవన్నీ అప్పటికే తేలిన ఫలితానికి వేసిన బొమ్మలు. ‘అబ్బ.. ఒక్క అర తేడాలో పోయింది!’ అని ఆటగాడు నిట్టూరుస్తాడు. నిజానికి అక్కడ తప్పిపోవడానికి గోళీ ఏదీ లేదు.

రెండోది ‘లైవ్’ రౌలెట్. లాత్వియా రాజధాని రీగా వంటి నగరాల్లోని స్టూడియోల్లో నిజమైన చక్రాన్ని మనుషులే తిప్పుతారు. కెమెరాలు ఆ దృశ్యాన్ని ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి. గోళీ ఆగిన అంకెను పరికరాలు గుర్తించి ఆటగాళ్ల ఖాతాల్లో లెక్కలు సరిచేస్తాయి.

నియంత్రణ ఉన్న దేశాల్లో ఈ ప్రోగ్రాంలను స్వతంత్ర ప్రయోగశాలలు పరీక్షిస్తాయి. అంకెలు పక్షపాతం లేకుండా వస్తున్నాయో లేదో చూస్తాయి. అయితే ఆ ధ్రువపత్రం చెప్పేది చక్రం నిష్పాక్షికమని మాత్రమే. ఆటగాడు గెలుస్తాడని కాదు. నిష్పాక్షికమైన చక్రంలోనూ 2.70 శాతం వాటా నిర్వాహకుడిదే.

చెక్క చక్రంతో తలపడి గెలిచినవారు లేకపోలేదు. కొన్ని చక్రాలు అరిగిపోయి కొన్ని అంకెల వైపు మొగ్గుతాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ లోపాన్ని కనిపెట్టి మాంటే కార్లోలో భారీగా సంపాదించిన ఆంగ్లేయుడు జోసెఫ్ జాగర్ పేరు నేటికీ వినిపిస్తుంది. అమెరికా గణిత శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్ప్, సమాచార సిద్ధాంత పితామహుడు క్లాడ్ షానన్ కలిసి గోళీ వేగాన్ని బట్టి అది పడబోయే చోటును అంచనా వేసే చిన్న కంప్యూటర్‌ను తయారుచేశారు. దాన్ని ఒంటిపై ధరించి 1961లో లాస్ వేగాస్‌లో పరీక్షించారు. ఈ ఇద్దరి ఎత్తూ పారింది చక్రం ఒక వస్తువు కాబట్టే. ప్రోగ్రాంలో అరిగే చక్రం లేదు, కొలవడానికి గోళీ వేగమూ లేదు. పాత కేసినోల్లో ఉన్న ఆ సన్నని సందు కూడా డిజిటల్ రౌలెట్‌లో మూసుకుపోయింది.

వేగమే అసలు ప్రమాదం

నూటికి 2 రూపాయల 70 పైసలంటే చాలా తక్కువ కదా అనిపించవచ్చు. పది వేలు జమచేస్తే పోయేది 270 రూపాయలేనని లెక్కవేసుకునేవారు ఉంటారు. పొరపాటు అక్కడే ఉంది. ఆ వాటా జమచేసిన సొమ్ముపై కాదు, కాసిన ప్రతి పందెంపైనా పడుతుంది. గెలిచిన సొమ్మును మళ్లీ మళ్లీ పందెంలో పెట్టడం ఆటగాళ్ల సహజ స్వభావం. అలా తిరిగిన ప్రతిసారీ కోత పడుతూనే ఉంటుంది.

నిమిషానికి ఒక ఆట చొప్పున, ఒక్కో ఆటకు వంద రూపాయలు కాస్తే గంటలో కాసే పందేల విలువ రూ.6,000. సగటు నష్టం రూ.162. రోజుకు రెండు గంటల చొప్పున నెల రోజులు ఆడితే మొత్తం పందేలు రూ.3,60,000. సగటు నష్టం సుమారు రూ.9,730. కేసినో బల్ల వద్ద బిళ్లలు సర్ది, చెల్లింపులు చేసి, మళ్లీ చక్రం తిప్పేందుకు సమయం పడుతుంది. సెల్‌ఫోన్‌లో ఆ జాప్యం ఉండదు. నిమిషానికి నాలుగు ఆటలు ఆడే వ్యక్తికి అదే నెల రోజుల్లో సగటు నష్టం దాదాపు రూ.38,900కు చేరుతుంది. పందెం అదే వంద రూపాయలు, చక్రం అదే. మారింది వేగం మాత్రమే.

ఈ సంగతిని బ్రిటన్ అనుభవపూర్వకంగా తెలుసుకుంది. అక్కడి పందెం దుకాణాల్లో రౌలెట్ ఆడించే ఎలక్ట్రానిక్ యంత్రాలు ఉండేవి. ప్రతి 20 సెకన్లకు 100 పౌండ్ల వరకు పందెం కాసే వీలుండేది. అంటే గంటకు 18 వేల పౌండ్లు! కుటుంబాలు చితికిపోతున్నాయన్న ఆందోళన ఏళ్ల తరబడి సాగాక, 2019 ఏప్రిల్ 1 నుంచి గరిష్ఠ పందేన్ని 100 పౌండ్ల నుంచి ఏకంగా 2 పౌండ్లకు తగ్గించారు. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డులతో జూదమాడటాన్ని నిషేధించారు. ఆన్‌లైన్ రౌలెట్ వంటి ఆటల్లో ఒక్కో ఆట కనీసం 5 సెకన్లు సాగాలని, మీట నొక్కకుండానే వరుసగా ఆటలు నడిచే ఏర్పాటు ఉండరాదని 2025 జనవరి నుంచి నిబంధన విధించారు. జూదం చట్టబద్ధమైన దేశమే వేగానికి కళ్లెం వేయక తప్పలేదు.

‘రెట్టింపు’ సూత్రం ఎందుకు తిరగబడుతుంది?

‘ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తూ పో.. ఏదో ఒక ఆటలో గెలుస్తావు.. పోయినదంతా వచ్చి, పైన లాభమూ మిగులుతుంది’.. రౌలెట్ ఆడేవారికి మొదట వినిపించే సలహా ఇదే. దీన్ని ‘మార్టింగేల్’ పద్ధతి అంటారు. వినడానికి తర్కబద్ధంగా ఉంటుంది. కాగితంపై లెక్క వేస్తే అసలు రంగు బయటపడుతుంది.

వంద రూపాయలతో మొదలుపెట్టి ఎరుపుపై కాస్తూ వరుసగా ఓడితే పందేలు 100, 200, 400, 800, 1,600, 3,200, 6,400గా పెరుగుతాయి. ఏడు ఓటములకు పోయేది రూ.12,700. ఎనిమిదో పందేనికి రూ.12,800 కావాలి. పది ఓటములు వరుసగా వస్తే పోయే మొత్తం రూ.1,02,300. ఇంత చేసి గెలిచినా చేతికి మిగిలే లాభం ఎంత? మొదట పెట్టిన వంద రూపాయలే!

వరుసగా ఏడుసార్లు ఓడే అవకాశం సుమారు 106లో ఒకటి. అంటే రూ.12,700తో బరిలోకి దిగిన వ్యక్తి 105 సార్లు తలా వంద చొప్పున రూ.10,500 గెలిచాక, సగటున 106వ సారి రూ.12,700 పోగొట్టుకుంటాడు. నికరంగా నష్టం రూ.2,200. వంద సార్లకు పైగా గెలిచిన అనుభవం ఉండటంతో ఆ ఒక్క ఓటమిని ‘దురదృష్టం’గా భావించి మళ్లీ సొమ్ము తెస్తాడు. అది దురదృష్టం కాదు, లెక్క ప్రకారం రావలసిన వాయిదా. పైగా ప్రతి బల్లకూ గరిష్ఠ పందెం పరిమితి ఉంటుంది. కొంతదూరం వెళ్లాక రెట్టింపు చేయడానికి నిర్వాహకుడే ఒప్పుకోడు.

చక్రానికి జ్ఞాపకం ఉండదు

1913 ఆగస్టు 18న మాంటే కార్లో కేసినోలో ఒక బల్లపై నలుపు వరుసగా రావడం మొదలైంది. పది, పదిహేను సార్లు దాటాక ‘ఇక ఎరుపు రాక తప్పదు’ అంటూ జనం ఆ బల్లవైపు ఎగబడ్డారు. ఎరుపుపై సొమ్ము గుమ్మరించారు. నలుపు వస్తూనే ఉంది. చివరకు 26 సార్లు వరుసగా నలుపే పడింది. ఆ రాత్రి కేసినో లక్షల ఫ్రాంకులు ఆర్జించింది. ఈ భ్రమకు శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే పెట్టి ‘మాంటే కార్లో హేత్వాభాసం’ అని వ్యవహరిస్తున్నారు.

ఇరవై సార్లు నలుపు వచ్చాక ఇరవై ఒకటోసారి ఎరుపు వచ్చే అవకాశం ఎంత? మొదటిసారి ఎంతో అంతే, 37లో 18. గత ఫలితాలు చక్రానికి గుర్తుండవు. బాకీ తీర్చాలన్న బాధ్యత దానికి లేదు. అయినా ఆన్‌లైన్ ఆటల్లో తెర పక్కన గత ఫలితాల జాబితాను వరుసగా చూపుతారు. ఎరుపు ఎన్నిసార్లు వచ్చింది, ఏ అంకె చాలాసేపటి నుంచి రాలేదు అన్న వివరాలు ఇస్తారు. ఆటగాడికి అవి ఏ రకంగానూ పనికిరావు. ‘ఇప్పుడు నా అంకె వస్తుంది’ అన్న ఆశను సజీవంగా ఉంచడానికి మాత్రం బాగా పనికొస్తాయి.

నకిలీ యాప్‌లతో నిండా మునక

ఇంతవరకు చెప్పినదంతా నిజాయతీగా నడిచే ఆట గురించి. టెలిగ్రాం, వాట్సాప్ సందేశాల్లో వచ్చే లింకుల ద్వారా దిగుమతి చేసుకునే యాప్‌లలో ఆ నిజాయతీకి పూచీ ఎవరు? ప్రోగ్రాం ఎవరు రాశారో, ఏ దేశం నుంచి నడుస్తోందో తెలియదు. ఉచితంగా ఆడే ‘డెమో’లో తరచూ గెలిపించి, సొమ్ము పెట్టాక ఓడించేలా ప్రోగ్రాం రాయడం కష్టమేమీ కాదు.

తొలుత వెయ్యి పెడితే రెండు వేలు ఇచ్చి నమ్మకం కలిగించడం, పెద్ద మొత్తం జమయ్యాక ‘మీరు గెలిచిన సొమ్ము తీసుకోవాలంటే ముందు పన్ను చెల్లించాలి, ఖాతా ధ్రువీకరణ రుసుం కట్టాలి’ అని మరికొంత గుంజడం మోసగాళ్ల పద్ధతి. బోనస్ పేరిట ఇచ్చే సొమ్ముకు ‘ఇన్ని రెట్లు పందెం కాశాకే తీసుకోవాలి’ అన్న మెలిక ఉంటుంది. అన్ని రెట్లు తిరిగేసరికి 2.70 శాతం కోత దాన్ని హరించివేస్తుంది.

మరో ముప్పు బ్యాంకు ఖాతాలది. ఇటువంటి యాప్‌లు ఆటగాళ్ల సొమ్మును ఇతరుల పేరిట ఉన్న ఖాతాల్లోకి మళ్లిస్తాయి. కమీషన్‌కు ఆశపడి ఖాతాను, ఏటీఎం కార్డును అద్దెకిచ్చిన విద్యార్థులు, నిరుద్యోగులు కేసుల్లో ఇరుక్కునే ప్రమాదముంది. ఖాతా ఎవరి పేరున ఉందో పోలీసులు ముందుగా వారి తలుపే తడతారు.

చట్టం ఏమంటోంది?

జూదానికి సంబంధించిన చట్టాల్లో ‘నైపుణ్యమా, అదృష్టమా’ అన్నది ఏళ్ల తరబడి నలిగిన ప్రశ్న. ఇందులో తెలుగు నేలకూ పాత్ర ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె.సత్యనారాయణ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెబుతూ, పత్తాలను గుర్తుంచుకుని పేర్చుకోవాల్సిన రమ్మీ ప్రధానంగా నైపుణ్య క్రీడ అని, మూడు ముక్కలాట వంటివి కేవలం అదృష్టంపై ఆధారపడేవని వేరుచేసింది. రౌలెట్‌కు ఆ మినహాయింపు వర్తించే ప్రసక్తే లేదు. గోళీ ఎక్కడ పడుతుందన్న దానిపై ఆటగాడి నైపుణ్యానికి ఏ పాత్రా లేదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ గేమింగ్ చట్టాలను సవరించి సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధ పరిధిలోకి తెచ్చాయి. ఈ చట్టాల కింద నిర్వాహకులతో పాటు ఆడేవారిపైనా కేసు పెట్టవచ్చు. గోవా, సిక్కింలలో ప్రత్యేక చట్టాల కింద అనుమతి పొందిన కేసినోల్లో రౌలెట్ బల్లలు ఉన్నాయి. అక్కడికి విహారయాత్రకు వెళ్లి ఆడటం, ఇక్కడ ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆడటం చట్టం దృష్టిలో ఒకటి కావు.

జాతీయ స్థాయిలో ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. అదే నెల 22న రాష్ట్రపతి ఆమోదముద్ర వేశారు. నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదంతో నిమిత్తం లేకుండా, సొమ్ము పెట్టి సొమ్ము ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ ఈ చట్టం నిషేధించింది. ఇటువంటి ఆటలను అందించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా. సొమ్ము చేతులు మారేందుకు సహకరించే ఆర్థిక సంస్థలూ బాధ్యులవుతాయి. ఆటగాడిని ఈ కేంద్ర చట్టం బాధితుడిగానే పరిగణించి శిక్ష నిర్దేశించలేదు. అయితే రాష్ట్ర చట్టాల నుంచి అతనికి రక్షణ ఉందని దీని అర్థం కాదు.

ఇంకో విషయం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు. యాప్ తెరపై లక్షలు గెలిచినట్లు కనిపించినా, నిర్వాహకుడు ఇవ్వనంటే ఆ సొమ్ము రాబట్టుకునేందుకు కోర్టుకు వెళ్లే దారి లేదు. ఓడితే సొమ్ము నిజంగా పోతుంది. గెలిస్తే మాత్రం వస్తుందన్న భరోసా లేదు.

‘పోయిన చోటే వెతుక్కోవాలి’ అనే ఉచ్చు

ప్రసిద్ధ రష్యన్ రచయిత ఫ్యోదర్ దస్తయేవ్‌స్కీ రౌలెట్‌కు బానిసై 1865లో జర్మనీలోని వీస్‌బాడెన్‌లో చేతిలో ఉన్నదంతా పోగొట్టుకున్నారు. అప్పుల వారి ఒత్తిడిలో 1866లో ‘ది గ్యాంబ్లర్’ నవలను 26 రోజుల్లో చెప్పి రాయించారు. రాసిపెట్టిన అన్నాను మరుసటి ఏడాది వివాహమాడారు. జూదగాడి మనసును అంత లోతుగా చిత్రించిన రచయిత అయినా ఆ వెంటనే మానలేకపోయారు. భార్య నగలు, దుస్తులు సైతం తాకట్టుకు వెళ్లాయి. 1871లో గానీ ఆ వ్యసనం నుంచి బయటపడలేదు. మేధస్సుకూ ఈ వ్యసనానికీ సంబంధం లేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

‘పోయిన చోటే వెతుక్కోవాలి’ అన్న నానుడిని జూదగాళ్లు తమకు అనుకూలంగా వాడుకుంటారు. పోగొట్టుకున్నది రాబట్టాలన్న ఆ పట్టుదల వ్యసన లక్షణాల్లో ఒకటని మనోవైద్యశాస్త్రం చెబుతోంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన వ్యాధి నిర్ధారణ గ్రంథంలో జూద వ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలోనూ దీనికి చోటుంది. అంటే ఇది ‘చెడు తిరుగుళ్లు’గా తిట్టి వదిలేయాల్సిన విషయం కాదు. చికిత్స ఉన్న వ్యాధి.

కుటుంబ సభ్యులు ఈ లక్షణాలను గమనించాలి.

* రాత్రి పొద్దుపోయే వరకు ఫోన్‌తో గడపడం, ఎవరైనా వస్తే తెర మార్చేయడం
* కారణం చెప్పకుండా తరచూ చేబదుళ్లు అడగడం, రుణ యాప్‌లను ఆశ్రయించడం
* ఇంట్లో బంగారం, వాహనం తాకట్టుకు వెళ్లడం
* ఆడొద్దన్నప్పుడు విపరీతమైన చిరాకు, మౌనం
* ‘ఒక్కసారి వస్తే అన్నీ తీర్చేస్తా’ అన్న మాట పదేపదే వినిపించడం

అటువంటి స్థితిలో అప్పు తీర్చి ఊరుకుంటే ఆటకు కొత్త పెట్టుబడి ఇచ్చినట్లే అవుతుంది. యూపీఐ రోజువారీ పరిమితిని తగ్గించడం, జీతం ఖాతా లావాదేవీలు ఇంట్లో మరొకరు చూసేలా ఏర్పాటు చేసుకోవడం, యాప్‌లను, సందేశాల గ్రూపులను తొలగించడం తక్షణం చేయదగిన పనులు. మానసిక ఒత్తిడి, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే ఆలస్యం చేయకుండా టెలి మానస్ ఉచిత సహాయ కేంద్రం 14416కు ఫోన్ చేయాలి. తెలుగులోనూ మాట్లాడవచ్చు. యాప్‌ల చేతిలో మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు సమాచారమివ్వాలి. ఎంత త్వరగా చెబితే సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. తామూ ఆడాం కదా అన్న భయంతో దాచిపెడితే లాభపడేది మోసగాడే.

లెక్క తెలిస్తే చాలు

రౌలెట్‌లో ఎవరూ గెలవరని కాదు. ఏ రోజైనా, ఏ గంటలోనైనా గెలిచేవారు ఉంటారు. ఆ గెలుపులే ఆటకు ప్రచారం. కానీ ఎక్కువసేపు ఆడినకొద్దీ ఫలితం సగటుకు దగ్గరవుతుంది. ఆ సగటు ఆటగాడికి ఎప్పుడూ నష్టమే. వంద రూపాయల చొప్పున 3,700 ఆటలు ఆడితే సగటున పోయేది పది వేల రూపాయలు. నిమిషానికొక ఆట చొప్పున అందుకు 62 గంటలు చాలు. కూలి చేసో, ఉద్యోగం చేసో ఆ పది వేలు సంపాదించడానికి ఎన్ని గంటలు పట్టిందో ఎవరికి వారు లెక్క వేసుకోవాలి. సున్నా ఉన్నంతకాలం నిర్వాహకుడికి మోసం చేయాల్సిన అవసరమే లేదు. అతను చేయాల్సిందల్లా చక్రాన్ని తిరగనివ్వడమే. దాన్ని ఆపే మీట మాత్రం ఆటగాడి వేలి కిందే ఉంది.